కార్తీకంలో ఓడెక్కిన మేనమామ

మొన్న మా మనవరాలు ఫోను పట్టుకొచ్చి, "తాతా, విశాఖపట్నం నుంచి ఓడ టూరు వేస్తున్నారట. పైన ఈతకొలను కూడా ఉందట. అందరం వెళ్దామా?" అంది. ఎప్పుడమ్మా అని అడిగేను. నవంబర్లో అంది. నవంబర్లో బంగాళాఖాతం మీదకి నన్ను ఇంకోసారి పంపాలంటే కాళ్లూ చేతులూ కట్టి ఎక్కించాలి. మీ అమ్మనడుగు అని తప్పించుకున్నాను గానీ ఆ పిల్ల వదలదు. ఎందుకు, ఎందుకు అని రెండ్రోజులు ప్రాణం తీసింది.

అందుకని ఇది రాస్తున్నాను. ట్రావెల్సు ఉద్యోగాల్లోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్లు చదివినా చదవొచ్చు. ఇందులో నీతి ఏమైనా దొరుకుతుందనుకుంటే మాత్రం ఇక్కడే ఆపెయ్యండి. నాకే దొరకలేదు.

అనకాపల్లిలో ఒక చిన్న యాత్రల ఆఫీసులో టూర్ మేనేజరుగా చేసి చేసి రిటైరయ్యేను. మేనేజరంటే ఏదో అనుకునేరు. బస్సులో ముందు సీట్లో కూర్చుని, వాంతొచ్చిన వాళ్లకి నిమ్మకాయ అందించడం, గుళ్లో ఎవరి చెప్పులు పోయినా తిట్లు తినడం, తెల్లారకుండా అందర్నీ లేపి వాళ్ల శాపనార్థాలతో రోజు మొదలెట్టడం, ఇదీ ఉద్యోగం. కాశీ, రామేశ్వరం, పూరీ ఎన్నిసార్లు తిరిగేనో లెక్కలేదు. ఒక్క గుళ్లోనూ దేవుణ్ని తిన్నగా చూసిన పాపాన పోలేదు. ఎప్పుడూ బయట నిలబడి, ఇంకా రాని వాళ్ల కోసం ఎదురుచూడ్డమే.

మా ఆఫీసుకి ఒక పద్ధతుండేది. బస్సు వెనకాల సీట్లు రెండు పీకేసి గ్యాసు పొయ్యి, బియ్యం బస్తా, చింతపండు, ఆవకాయ జాడీలు పెట్టి, మా వంట మేస్త్రీని కూడా తీసికెళ్లేవాళ్లం. మనవాళ్లు గంగలో ములిగినా, పైకి లేచేసరికి అనకాపల్లి చారు ఉండాలి మరి. చారు లేకపోతే విశ్వేశ్వరుడు కూడా కనపడడు వాళ్లకి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, సునామీ ఇంకా రాలేదు, మా ఓనరుకి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. "బస్సు యాత్రలు గల్లీకొకడు వేస్తున్నాడు. మనం ఓడ యాత్ర వేద్దాం. అండమాన్!" అన్నాడు. ఎప్పుడండీ అన్నాను. "కార్తీకమాసంలో. కార్తీకంలో సముద్రస్నానం ఎంతో పుణ్యం కదా, ఏకంగా సముద్రం మీదే తీసికెళ్తే ఇంకెంత పుణ్యం!"

"కార్తీకంలో వాయుగుండాలండీ" అన్నాను.

"నీ నోట ఒక్క మంచి మాట రాదు కదయ్యా" అన్నాడు.

ఆయనకేం, ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుంటాడు. ఆ నెలలో ఓడ టిక్కెట్లు మాత్రం అడగ్గానే దొరికేయి. మిగతా రోజుల్లో కాళ్లావేళ్లా పడినా దొరకని టిక్కెట్లు ఇప్పుడింత సుళువుగా ఎందుకు దొరుకుతున్నాయని మాలో ఒక్కడూ అడగలేదు. చవగ్గా దొరికింది పరమాన్నం అన్నట్టు సంబరపడ్డాం.

టౌన్లో పోస్టర్లు అంటించేం. బెల్లం మార్కెట్లో కొట్లున్న వాళ్లు జంటలు జంటలుగా వచ్చేరు. చుట్టుపక్కల పల్లెల్లోంచి రైతులొచ్చేరు. టౌన్లోనే ఉంటున్న ఒక రిటైరైన టీచరమ్మ కూడా పేరు రాయించుకుంది. ఆవిడది క్రిస్టియన్ కుటుంబం. నాకు కార్తీకం పుణ్యం అక్కర్లేదు బాబూ, డాల్ఫిన్లు చూడాలి అంది.

ఆఖర్న ఒకాయన వచ్చేడు. బుచ్చయ్యపేట దగ్గర పల్లె. చెరకూ వరీ పండించే ఆసామి. అయిదు పదులు దాటిన మనిషి. తలపాగా తీసి చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నాకు ఊళ్లు సూపించక్కర్నేదు బాబూ. నన్ను ఓడెక్కించి అవతల దింపీండి. అంతే" అన్నాడు.

కోతలకి వరి తయారుగా ఉంది కదా, ఇప్పుడేం తొందర అని అడిగేను. రైతన్నవాడు ఆ నెలలో పొలం వదిలి ఊరు దాటడం నేనెప్పుడూ చూళ్లేదు. వాయుగుండం ముందొస్తుందా, కోత ముందవుతుందా అని ఆకాశం వంక చూస్తూ కూర్చునే రోజులవి.

అప్పుడు చెప్పేడు. ఒక్కసారిగా చెప్పలేదు, ఒక్కో ముక్కా లాగితే వచ్చింది. ఆయనకి ఒక్కర్తే చెల్లెలు. ఎలమంచిలి వైపు ఒక క్రిస్టియన్ కుర్రాణ్ని ఇష్టపడి చర్చిలో పెళ్లి చేసుకుంది. ఇంట్లో పెద్ద గొడవయ్యింది. తండ్రి, దాని మొహం చూడనన్నాడు. ఈయన ఆ పెళ్లికి వెళ్లలేదు. తరవాత ఆ చెల్లెలూ బావా పోర్ట్ బ్లెయిర్ వెళ్లిపోయేరు. ఒక కూతురు పుట్టిందని ఎవరో చెప్తే విన్నాడట. తండ్రి పోయేడు. కిందటేడు ఆ బావా పోయేడు. ఇన్నేళ్లలో అన్నాచెల్లెళ్ల మధ్య ఒక్క మాట లేదు.

"ఇప్పుడు ఆ కూతురు గుంటకి పెళ్లంట బాబూ. మా ఇంటి పక్క కొట్టుకి ఫోను సేసి నన్ను పిలిపించింది. సర్చిలో తండ్రి సెయ్యి పట్టుకుని పెళ్లికూతుర్ని లోపలికి తీసుకెల్లాలంట. తండ్రి నేడు కదా, మేనమామవి నువ్వు రా అన్నాది. ఇంకేటీ అన్నేదు, పెట్టీసింది."

"వస్తానన్నారా మరి?"

"నోరు పెగల్లేదు బాబూ."

నేను అప్పుడే సరదాకి అన్నట్టు, "వాయుగుండం వస్తే ఓడ ఆలస్యం అవ్వొచ్చు, చెప్తున్నాను" అన్నాను. ఆయన మొహం పాలిపోయింది. "అలాటి మాటనకు బాబూ. దాని పెళ్లికి ఎల్లనోణ్ని. ఈ పాలి కూడా కనపడకపోతే, తుపానొచ్చింది, ఓడాగిపోనాది అని ఎన్ని సెప్పినా అది నమ్మదు. ఎవులు నమ్ముతారు?" అన్నాడు.

ఓడ మూడో రోజుకి చేరాలి, ఆ మర్నాడు పెళ్లి. మధ్యలో ఒక రాత్రి ఉంది కదా, సరిపోతుంది అనుకున్నాం. సముద్రాన్ని కూడా ఆర్టీసీ బస్సులా లెక్కేసేం.

బయల్దేరే రోజున విశాఖపట్నం పోర్టు దగ్గరే మా పద్ధతికి మొదటి దెబ్బ తగిలింది. గ్యాసు సిలిండరు చూసి సెక్యూరిటీ వాళ్లు గుడ్లు తేలేసేరు. ఓడలో పొయ్యి పెడతారా, మనుషులేనా మీరు అని ఆ సిలిండరూ, పొయ్యీ గేటు దగ్గరే దింపించేసేరు. మా వంట మేస్త్రీ మొహం చూడాలి మీరు. "పొయ్యి నేని వంటోణ్ని దేనికి బావా తీసుకెల్తన్నావు, సముద్రంలో ఇసిరేడానికా?" అని నా మీద ఎగిరేడు. టిక్కెట్టు కొనేసేం కాబట్టి రా అన్నాను. అటుకులు, పేలాలు, బెల్లం దిమ్మలు మాత్రం తేనిచ్చేరు.

ఎక్కే ముందు ఆసామిని గేటు బయటున్న ఎస్టీడీ బూత్‌కి తీసికెళ్లేను. ఒక్క ఫోను కొట్టి, బయల్దేరేను అని చెల్లెలికి చెప్పండి, ఆవిడ మనసు కుదుటపడుతుంది అన్నాను. చెల్లెలు ఆ కొట్టువాడికి రాయించిన నంబరు నేనే నొక్కి రిసీవరు చేతికిచ్చేను. అవతల మోగడం మొదలవకుండానే టక్కున పెట్టేసేడు.

"ఇన్నేల్లు నోరిప్పనోణ్ని. ఫోన్లో ఏటి సెప్తాను బాబూ? పుట్టింటోడు ఫోన్లో రాకూడదు. గుమ్మంలోకి రావాల. ఎల్లి నిలబడతాను. అప్పుడు సూసుకుంటాది నన్ను."

ఇంకోసారి చెప్పి చూసేను. తల అడ్డంగా ఊపేడు. అవతల మార్కెట్ జంటల్లో ఎవరిదో సంచి కనపడలేదని కేకలు. నాకూ ఓపిక లేకపోయింది. సరే మీ ఇష్టం అని వచ్చేసేను.

మొదటి రోజు సముద్రం ఎంత బుద్ధిగా ఉందో! బంకులని రైలు బెర్తుల్లాంటి ఇనప మంచాలు, ఒకరి పైన ఒకరు పడుకోవాలి, కింద ఇంజిను వాసన, అయినా అందరూ నవ్వుతూనే ఉన్నారు. ఆడవాళ్లు అరటి దొప్పల్లో కార్తీక దీపాలు వెలిగించి సముద్రంలో వదుల్తామని డెక్కు మీద బయల్దేరేరు. ఓడ గార్డు పరుగెత్తుకొచ్చి అగ్గిపెట్టెలన్నీ లాక్కున్నాడు. హిందీలో వాడేదో అరుస్తున్నాడు, తెలుగులో వీళ్లు వాణ్ని నాస్తికుడంటున్నారు, మధ్యలో నేను. మార్కెట్ పెద్దాయనొకడు నన్ను పక్కకి పిలిచి, "ఒక్క పది నిమిషాలు ఓడ ఆపించవయ్యా, నడిసముద్రంలో స్నానం చేసొస్తాం" అన్నాడు. పదవీవిరమణ దాకా నా చెవుల్లో ఆ మాట అలాగే ఉంది.

క్యాంటీన్లో చేపలూ గుడ్లూ. కార్తీకం పట్టిన మనవాళ్లు ముక్కు మూసుకుని బయటే నిలబడ్డారు. చారు లేదు. వంట మేస్త్రీ మూల కూర్చుని, నాకేం సంబంధం లేదన్నట్టు గోళ్లు గిల్లుకుంటున్నాడు.

ఆసామి ఎవరితోనూ కలవకుండా డెక్కు మీద ఒక పక్కన కూర్చున్నాడు. టీచరమ్మ కదిపింది. సంగతి విని, "అయితే అన్నయ్యగారూ, చర్చిలో ఎలా నడవాలో మీకు తెలుసా?" అంది.

"నడవడం తెలీకపోడమేటమ్మా?"

"ఏదీ, నడవండి చూస్తాను."

లేచి గబగబా పది అంగలేసి వెనక్కి తిరిగేడు. గట్టు తెగిందని కబురొస్తే పరుగెత్తినట్టుంది. టీచరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అలా కాదండీ. ఒక అడుగు వేసి ఆగాలి. మళ్లీ ఒక అడుగు. పిల్ల చెయ్యి మీ చేతి మీద ఉంటుంది. పాట పాడుతుంటారు. మీరు ఎవరి వంకా చూడకూడదు, తిన్నగా చూడాలి."

"ఇలగ నడిస్తే లోపలికెల్లీసరికి పొద్దుగూకిపోదేటమ్మా?"

"పొద్దుగూకినా ఫరవాలేదు. అదే మర్యాద."

పెళ్లికూతురు లేకుండా ఎలా నేర్పడం? ఆవిడ చుట్టూ చూసి మా వంట మేస్త్రీని పిలిచింది. వాడు మొదట బిగుసుకున్నాడు. తరవాత ఏమనుకున్నాడో భుజం మీద తువ్వాలు తీసి నెత్తిన ముసుగేసుకుని, మీసాల మీదుగా సిగ్గుపడుతూ వచ్చి ఆసామి చెయ్యి పట్టుకున్నాడు. టీచరమ్మ సన్నగా రాగం తీస్తోంది. ఒక అడుగు, ఆగడం, ఒక అడుగు, ఆగడం. ఓడ కొద్దిగా వాలినప్పుడల్లా పెళ్లికూతురు మేనమామ మీద పడిపోతోంది. "ఓలమ్మో, ఈ పెళ్లికూతురు రెండు బస్తాల బరువుందిరా నాయనా!" అని ఆసామి అంటే, డెక్కంతా విరగబడి నవ్వింది. గార్డు కూడా నవ్వేడు. ఆ ఉద్యోగంలో నాకు మంచిగా గుర్తున్న కొన్నింట్లో అదొకటి. నవ్వితే ఆసామి అంత బాగుంటాడని అప్పుడే తెలిసింది.

రెండో రోజు మధ్యాహ్నానికి గాలి మారింది. ఆకాశం ఒక పక్క నల్లగా దిగింది. ఆసామి నా కంటే ముందే చూసేడు. "ఇది వోనగాలి కాదు బాబూ" అన్నాడు. కాసేపటికి మైకులో హిందీలో, ఇంగ్లీషులో చెప్పేరు. వాయుగుండం బలపడిందట. దాని దారి తప్పించడానికి ఓడని దక్షిణానికి మళ్లించి నెమ్మదిగా నడుపుతారట. ఎవరూ డెక్కు మీదకి రాకూడదట. ఎప్పుడు చేరతామన్నది చెప్పలేదు.

అక్కణ్నుంచి మొదలయ్యింది నా అసలు ఉద్యోగం. తుపాను గురించి పుస్తకాల్లో చదివే ఉంటారు మీరు, కెరటాలు కొండలంత, అదీ ఇదీ. బంకు క్లాసులో కెరటాలు కనపడవు. కనపడేది బకెట్టు. ఒకరి తరవాత ఒకరు. గిన్నెలూ, చెంబులూ, చెప్పులూ ఇటు నుంచి అటు దొర్లిపోతున్నాయి. నేల కిందకి జారిపోయి, మళ్లీ అమాంతం కాళ్లకి తగులుతోంది. నా దగ్గరున్న నిమ్మకాయలన్నీ అయిపోయేయి. తుడిచేను, పట్టుకున్నాను, ఎత్తేను, పడుకోబెట్టేను. నేనూ కక్కుకున్నాను, మళ్లీ లేచి తుడిచేను. స్నానానికి ఓడ ఆపించమన్న మార్కెట్ పెద్దాయన నన్ను చొక్కా పట్టుకుని, "మమ్మల్ని చంపడానికి తెచ్చేవా? ఓడ వెనక్కి తిప్పమను!" అని అరిచేడు. తిప్పమనడానికి అది మన సబ్బవరం ఆటో అనుకున్నాడు పాపం.

క్యాంటీను మూసేసేరు. అప్పుడు మా వంట మేస్త్రీ లేచేడు. బెల్లం దిమ్మ గుడ్డలో చుట్టి ఇనప మంచం కోడుకేసి బాది, అటుకుల్లో కలిపి, కుదుపుల మధ్యే పాక్కుంటూ ఒక్కో బంకుకీ తిరిగి పిడికెడేసి అందరి నోట్లోనూ పెట్టేడు. చిన్నపిల్లలకి పెట్టినట్టు పెట్టేడు. వాణ్ని నేను చాలా తిట్టేను ఆ ఉద్యోగంలో, వాడూ నన్ను తిట్టేడు. ఆ రోజు మాత్రం దండం పెట్టాలనిపించింది. పెట్టలేదు. పెడితే వాడు ఏడిపిస్తాడని.

ఆసామికి మాత్రం వాంతి లేదు. బంకు అంచు మీద కూర్చుని మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నా వంకే చూస్తున్నాడు. ఏం అడుగుతాడో తెలుసు కాబట్టి నేను ఆయన కళ్లలోకి చూడకుండా తిరిగేను.

మూడో రోజు రాత్రి చివరికి అడిగేడు. "రేపటికి సేరుతామా బాబూ?"

చేరమని నాకు తెలుసు. "చూద్దాం" అన్నాను. మా ఉద్యోగంలో చూద్దాం అంటే లేదని అర్థం. ఆయనకీ అర్థమైంది.

"ఫోను కొట్టాల్సింది. నువ్వు సెప్పినావు. నాను వినలేదు. ఇప్పుడు దానికి నానెక్కినానని కూడా తెలీదు. రాలేదు, మల్లీ రాలేదు అనుకుంటాది" అన్నాడు. అన్నదే అన్నాడు, ఎన్నిసార్లో.

నేను గోడలు పట్టుకుని పైకెళ్లేను. ఓడలో వైర్లెస్ చూసే ఆఫీసరు ఒకాయనుండేవాడు. కళ్లు ఎర్రగా, గడ్డం మాసిపోయి ఉన్నాడు. నిద్రపోయి ఎంతసేపయ్యిందో. నాకొచ్చిన హిందీలో చెప్పేను, ఒక పెళ్లికి మేనమామ ఈ ఓడలో ఉన్నాడని అవతల ఒక ఇంటికి కబురు పంపాలి అని. కోప్పడితే బాగుండేది. "భాయీ, నేనిప్పుడు తుపాను ఎక్కడుందో వింటున్నాను. పెళ్లి ఎక్కడుందో వినలేను" అన్నాడు. తన ఫ్లాస్కులోంచి నాకు సగం టీ పోసిచ్చేడు. తాగి కిందకి దిగేను. ఆయన తప్పేం లేదు. ఎవరి తప్పూ లేని చోట తిరగడం ఎంత అలుపో ఆ రోజు తెలిసింది నాకు.

మర్నాడు పెళ్లి రోజు. ఇంకా ఊగుతూనే ఉన్నాం. పొద్దున్నే ఆసామి కనపడలేదు. వెతుక్కుంటూ వెళ్తే, ఆ తూలిపోయే స్నానాల గదిలో మగ్గుడు నీళ్లతో స్నానం చేసి, కొత్త పంచె, కొత్త కండువా వేసుకుని, తల దువ్వుకుని వస్తున్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. ఎందుకు కట్టుకున్నారని నేనడగలేదు. చొక్కా పట్టుకున్న పెద్దాయన కూడా లేచి కూర్చుని చోటిచ్చేడు.

టీచరమ్మ నీరసంగా పడుకుని ఉంది. లేచొచ్చి ఆయన పక్కన కూర్చుంది. వాచీ చూసుకుని, "ఇప్పుడు అందరూ చర్చికి వస్తుంటారు అన్నయ్యగారూ" అంది. కాసేపటికి, "ఇప్పుడు పాట మొదలెడతారు" అంది. ఆయన ఎదురుగా ఉన్న ఇనప గోడ వంక తిన్నగా చూస్తున్నాడు. "ఎవులు నడిపిత్తన్నారో గుంటని" అన్నాడు. టీచరమ్మ ఆయన కోసం ప్రార్థన చేసింది. మార్కెట్ ఆడవాళ్లు కొందరు చేతులు జోడించేరు, ఏ దేవుడికో నాకు తెలీదు. నాకు మాత్రం పట్టలేని కోపం వచ్చింది. మా ఓనరు మీద, సముద్రం మీద, ఆ చచ్చిపోయిన తండ్రి మీద.

ఆ తరవాత ఆసామి నా భుజం పట్టుకున్నాడు. వరికోతల చేతులు, గట్టిగా పట్టుకున్నాడు. "నువ్వొచ్చి సెప్పాల బాబూ. నాను సెప్తే నమ్మదు. నువ్వు కంపినీ మనిషివి. తుపానే అని, నానెక్కినానని, దేవుడి మీద పెమాణం సేసి సెప్పాల."

"వస్తాను. చెప్తాను" అన్నాను.

చెప్పడం నాకు కొత్త కాదు. నా ఉద్యోగమంతా ఆలస్యానికి కారణాలు చెప్పడమే. టైరు పేలింది, రోడ్డు మూసేసేరు, గుడి తలుపులేసేసేరు. నిజం చెప్పినప్పుడు కూడా జనం నా మొహం వంక అబద్ధాలకోరుని చూసినట్టే చూసేవారు. అలవాటైపోయింది. కానీ ఆ రోజు బంకు మీద పడుకుని, ఆవిడ కూడా అలాగే చూస్తే ఈ మనిషి ఏమైపోతాడు అని ఆలోచిస్తే నాకు భయమేసింది.

గాలి తగ్గింది. మళ్లీ ఎండ కాసింది. సముద్రం నిన్నటి దాకా మమ్మల్ని ఏమీ అననట్టు నీలంగా పరుచుకుంది. టీచరమ్మకి డాల్ఫిన్లు కనపడ్డాయి. చూసే ఓపిక ఎవరికీ లేదు. పెళ్లయిన మర్నాడు మధ్యాహ్నం దాటేక పోర్ట్ బ్లెయిర్ చేరేం.

ఆసామి కొత్త పంచె విప్పలేదు. నలిగిపోయి, బెల్లం మరకలతో అలాగే ఉంది. మెట్ల దగ్గర అందరికంటే ముందు నిలబడ్డవాడు, తలుపు తీసేసరికి నన్ను ముందుకి తోసేడు. "నువ్వెల్లు బాబూ ముందు." చేతిలో చిన్న సంచి. మూడు రోజులు ఊగిన కాళ్లకి నేల నిలకడగా ఉన్నా ఊగుతున్నట్టే ఉంటుంది.

జెట్టీ మీద జనం. ఒక పక్కన పట్టుచీరలో ఒకామె నిలబడుంది. పక్కన చేతికి గోరింటాకుతో కొత్త పెళ్లికూతురు, అల్లుడు. చూడగానే తెలిసిపోయింది. ఆసామి నుదురే ఆమె నుదురూ.

ఆయన ఆగిపోయేడు. ఇంక నా వంతే అనుకున్నాను. దారంతా మాటలు పేర్చుకున్నాను కదా. గొంతు సవరించుకుని, "అమ్మా, నేను అనకాపల్లి టూరు ఆఫీసు మేనేజర్ని. దేవుడి సాక్షిగా చెప్తున్నాను. మీ అన్నగారు మొదటి రోజే ఓడెక్కేరు, దారిలో వాయుగుండం..." అని మొదలెట్టేను.

ఆమె నన్ను దాటుకుని వెళ్లి అన్న చేతిలో సంచి తీసుకుంది.

"సెప్పక్కర్నేదు బాబూ. నాకు తెలుసు" అంది.

ఆమె ఆయన వంకే చూస్తూ చెప్పింది.

"గుంటని నానే నడిపించేనన్నయ్యా. ఎడం పక్క నీకని కాళీగా ఒగ్గీసి నడిచేం. ఎందుకే, రాడు మీ అన్న అన్నారు అందరూ. వత్తన్నాడు, దారిలో ఉన్నాడు అన్నాను. నా పెళ్లికి నువ్వు రావని ముందురోజే కబురంపేవు, గేపకముందా? జొరమొచ్చిందని. రానోడైతే ముందు కబురంపుతాడు. ఈ పాలి నీ దగ్గిర్నుంచి కబురు రానేదు. ఈ నాలుగు రోజులూ ఇంట్లో ఆ ఫోను ఎక్కడ మోగుద్దోనని బయపడి సచ్చేనన్నయ్యా."